అరలోకి మారిన పాటలపెట్టె

ఆ రోజుల్లో (మరీ పాత రోజులేం కావు, టచ్ ఫోన్లు అప్పుడప్పుడే మా నాన్న తరం వాళ్ళ చొక్కా జేబుల్లోకి వస్తున్న రోజులు) నాకు భయపడడానికి ప్రత్యేకంగా కారణం అక్కర్లేదు. బల్లి కనిపిస్తే మంచం ఎక్కేవాణ్ణి. వీధిలో కుక్క పడుకుని ఉంటే, అది నిద్రపోతోందా, నటిస్తోందా అని తేల్చుకునేదాకా కదిలేవాణ్ణి కాదు. ఇల్లు తెనాలిలో, కొత్త ఉద్యోగం బాపట్లలో. రోజూ రైల్లో వెళ్ళి వచ్చేవాణ్ణి. కదిలే రైలు ఎక్కాల్సి వస్తుందేమోనన్న భయంతో, రైలు రావడానికి ఎంతో ముందే స్టేషన్‌కి చేరి టీ కొట్టు ఆయనకి తోడుగా కూర్చునేవాణ్ణి. పాపం ఆయన చాలాకాలం నన్ను రైల్వే ఉద్యోగి అనుకున్నాడు. అయితే ఇవన్నీ చిల్లర భయాలు. అసలు భయం ఇంట్లో ఉండేది. దాన్ని నేను ‘నాన్నా’ అని పిలిచేవాణ్ణి.

నాన్న కొట్టే మనిషి కాదు, తిట్టే మనిషీ కాదు. ఆయన గొంతే అంత. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. గ్రౌండులో ఆ చివర నిలబడ్డ పిల్లలకి వినపడేలా మాట్లాడి మాట్లాడి, పక్కన కూర్చున్న మనిషితో కూడా అలాగే మాట్లాడేవారు. అన్నం తింటూ “పప్పు!” అంటే, వడ్డించే అమ్మతో పాటు నేను కూడా లేచి నిలబడేవాణ్ణి. ఆదివారం ఆదివారం అమ్మ నాన్నకి వాము కషాయం కాచి ఇచ్చేది. ఆయన కడుపు చాలా సున్నితమనీ, తమ పెళ్ళిచూపుల నాడే ఆ సంగతి తనకి తెలిసిందనీ అమ్మ చెప్పేది. ఆ మనిషిలో సున్నితమైన భాగం ఏదో ఒకటుందంటే నాకు నమ్మకం కుదిరేది కాదు, అయినా కషాయంలో నా వాటా నేను తాగేవాణ్ణి.

మాకొక పాత తెల్ల కారు ఉండేది. అందులో క్యాసెట్లు వేసుకునే టేప్ రికార్డరు. ఎండలో ఆపిన కార్లో మరిగీ మరిగీ నాన్న క్యాసెట్లు మెలికలు తిరిగిపోయాయి. మిగిలిన వాటిని టేప్ రికార్డరు నమిలేసింది. నాన్న పెన్సిలు పెట్టి టేపు చుట్టుకుంటూ కొన్నాళ్ళు ఓపిక పట్టి, చివరికి పాటలు మానేశారు. అక్కడి నుంచి నా కష్టాలు మొదలయ్యాయి. కారు నడిపేది నేను. పాట వస్తున్నంతసేపూ నాన్న పాట వినేవారు. పాట లేకపోయేసరికి నా డ్రైవింగ్ చూడడం మొదలుపెట్టారు. “క్లచ్!” అని ఆయన అరిస్తే నేను బ్రేకు తొక్కేవాణ్ణి. “బ్రేకు!” అంటే హారన్ కొట్టేవాణ్ణి. ఇలా అయితే ఒకరోజు ఏ కాలవలోకో దించుతానని అర్థమైంది. అంచేత కార్లో కొత్త పాటలపెట్టె పెట్టించాలనుకోవడం సంగీతం మీద ప్రేమతో కాదు, ప్రాణభయంతో.

నేరుగా అడిగే ధైర్యం లేక అమ్మ చేత అడిగించాను. “స్వామి జోలికి పోకుండా ఏం చేసుకుంటాడో చేసుకోమను,” అన్నారు నాన్న. స్వామి అంటే డాష్‌బోర్డు మీది ఆంజనేయస్వామి. కారు కొన్న రోజున మా పెద్దత్తయ్య తన చేత్తో అక్కడ నిలబెట్టింది. పెద్దత్తయ్య నాన్నకి అక్క. వాళ్ళమ్మ చిన్నతనంలోనే పోతే నాన్నని పెంచింది ఆవిడే. మోకాళ్ళ నొప్పులతో మా ఇంటి ముందుగదిలో మంచం మీద కూర్చుని, ఫోన్ చేతిలో పెట్టుకుని, మా కుటుంబం మొత్తాన్నీ నడిపేది. ఊరంతా నాన్నకి భయపడితే, నాన్న ఆవిడ దగ్గర చెప్పులు విడిచి నిలబడేవారు. ఆవిడ పెట్టిన స్వామిని కదిపే మనిషి ఇంకా పుట్టలేదు.

తెనాలిలో కార్లకి సౌండు పెట్టెలు బిగించే ఆయన్ని అందరూ డెక్కు భాయ్ అనేవారు. ఆయన కొత్త పెట్టెని పాత కంతకి ఆనించి చూసి, “పెద్దదైపోద్ది బాబూ. పైకి కొయ్యాల. దేవుడు అడ్డం,” అన్నాడు. దేవుడు అడ్డం అన్న మాటకే నేను చెంపలు వేసుకున్నాను. చివరికి ఆయనే ఉపాయం చెప్పాడు. ముందు సీట్లో కూర్చున్న మనిషి మోకాళ్ళకి ఎదురుగా, కాగితాలూ గుడ్డలూ పెట్టుకునే మూత అర ఉంటుందే, పెట్టెని అందులోకి మార్చేద్దామన్నాడు. ఆ అర మూత ఎప్పటినుంచో బిగుసుకుపోయి ఉంది. నాన్న ఒక చోట గురి చూసి పిడికిలితో గుద్దితే తప్ప తెరుచుకునేది కాదు, అది కూడా దాని బుద్ధి బాగున్న రోజున. ఆ సంగతి చెబితే భాయ్ తేలిగ్గా తీసేశాడు. “దాని మొహం చూసే పనే లేదు బాబూ. పాట ఫోన్లోంచే మారుద్ది. ఫోనొచ్చినా చెయ్యి పెట్టక్కర్లా, రెండు రింగులు మోగి అదే ఎత్తుద్ది. అవతలోళ్ళ మాట నాలుగు స్పీకర్లలో ఖంగుమని వినపడుద్ది. ఇంకోటి, వైరు బ్యాటరీకి డైరెక్టుగా ఇచ్చేశా. బండి ఆపి తాళం తీసేసినా పాట ఆగదు!”

ఇవన్నీ సుగుణాలనుకుని నేను భాయ్‌కి చాలాసార్లు థ్యాంక్స్ చెప్పాను.

ఆ సాయంత్రం నాన్న ఫోన్లో ఆయనకి ఇష్టమైన పాటలన్నీ ఎక్కించి, ఫోన్‌ని పెట్టెకి కలిపాను. అరలోంచి ఒక ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో అంది. “ఎవరామె?” అన్నారు నాన్న. కలిసిందని చెబుతోందన్నాను. పాట మొదలైంది. నాన్న స్వామి వంక చూశారు, కదల్లేదని నిర్ధారించుకున్నారు, కళ్ళు మూసుకుని ఒక పాట పూర్తిగా విన్నారు. “పర్లేదు,” అన్నారు. పుట్టి బుద్ధెరిగాక నాన్న నోటి నుంచి నా గురించి వచ్చిన మొదటి మెప్పు అది. ఫోన్లు కూడా ఇందులోనే మోగుతాయి నాన్నా అని చెబుదామని నోరు తెరిచాను. “అంటే ఇంట్లో మాటలన్నీ రోడ్డు మీదా?” అని ఆయన గర్జిస్తే ఆ ‘పర్లేదు’ కాస్తా పోతుందని మూసేశాను. మర్నాడే బాపట్లలో నాకు పెళ్ళిచూపులు.

అమ్మాయి వేటపాలెంలో బడి టీచరు. తండ్రి లేడు. రేపల్లెలో వలలూ తాళ్ళూ అమ్మే కొట్టున్న మేనమామే వాళ్ళకి పెద్దదిక్కు. పొందికైన మనిషి, వినడం ఎక్కువ, మాట్లాడడం తక్కువ. అమ్మాయి కాఫీ పళ్ళెంతో వచ్చి నిలబడింది. నాన్న మామూలుగానే “నీ పేరేంటమ్మా?” అన్నారు. గదిలో పిడుగు పడ్డట్టయింది. పళ్ళెంలో కప్పులన్నీ ఒక్కసారి గలగలమన్నాయి. ఆ పిల్ల మొహంలో రంగు పోయింది. పేరు చెప్పిందో లేదో ఎవరికీ వినపడలేదు. వెళ్ళబోతూ ఒక్కసారి తలెత్తి నా వైపు చూసింది. నా చేతిలో వేయించిన జీడిపప్పుల పళ్ళెం ఉంది. చెయ్యి వణికి పప్పులన్నీ ఎగిరెగిరి పడుతున్నాయి. అది చూసి, అంత భయంలోనూ, ఆ పిల్ల పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది. ఇంక నాకు వేరే సంబంధాలు అక్కర్లేదనిపించింది. ఈ పిల్ల కాదంటే ఏమైపోతానన్న కొత్త భయం ఒకటి, పాత భయాలన్నిటినీ పక్కకి నెట్టి వచ్చి కూర్చుంది.

మా వైపు పెళ్ళిచూపుల ఇంట్లో మనసులో మాట చెప్పరు. నచ్చినా, నచ్చకపోయినా “ఇంటికెళ్ళి కబురు చేస్తామండి,” అనే అంటారు. వాళ్ళూ అంతే. మంచీ చెడూ అన్నీ ఇంటికెళ్ళాక, తలుపులేసుకుని. మా ఇంట్లో అయితే తీర్పు చెప్పేది పెద్దత్తయ్య. అలా నాన్న కబురు చేస్తామని చెప్పి లేచారు. అమ్మ పుట్టిల్లు రేపల్లె కాబట్టి అటు వెళ్ళి తెనాలి పోదామని ముందే అనుకున్నాం. ఆ మాట వినగానే మేనమామ గారు, “అయితే నేనూ మీతో వస్తానండి, కొట్టు తియ్యాల,” అన్నారు. కాదనడం మర్యాద కాదు. ఆయన వెనక అమ్మ పక్కన, నాన్న ముందు నా పక్కన కూర్చున్నారు. నాన్న ఒళ్ళో వాళ్ళిచ్చిన పళ్ళ సంచి. తాళం తిప్పాను. అరలోంచి ఆడగొంతు తన ఇంగ్లీషు ముక్క అప్పజెప్పింది.

అప్పుడు తెలిసింది నాకు. పెళ్ళిచూపులైన మరుక్షణం పెద్దత్తయ్య ఫోన్ చేస్తుంది. చెయ్యకుండా ఉండడం ఆవిడ వల్ల కాదు. ఫోన్ నాన్న జేబులో ఉంది. పెట్టె అరలో ఉంది. అర మూత బిగుసుకుని ఉంది. పిల్ల మేనమామ మా వెనకే ఉన్నారు.

నా వెన్ను మీద చెమట కాలవ కట్టింది. కర్లపాలెం వైపు రోడ్డు మీద కారు తాబేలులా పోతోంది. “నాన్నా, మీ ఫోన్ ఒకసారి ఆపుతారా?” అన్నాను. “ఎందుకు?” అన్నారు నాన్న. కారు అద్దాలు అదిరాయి. ఎందుకని చెప్పను? ఎవరైనా ఫోన్ చేస్తే వెనకాయనకి వినపడుతుందని చెబితే, వినకూడనివేవో మా దగ్గర ఉన్నట్టే కదా! “ఊరికే,” అన్నాను. అద్దంలోంచి అమ్మకి కళ్ళతో సైగ చేశాను. జేబు వైపు, అర వైపు, వెనక పెద్దమనిషి వైపు, అన్ని వైపులా కళ్ళు తిప్పాను. అమ్మ కంగారుగా ముందుకి వంగి, “వాంతొస్తోందా నాన్నా?” అని నిమ్మకాయ నా చేతికిచ్చింది. మేనమామ గారు మర్యాదగా కిటికీలోంచి పొలాలు చూడసాగారు. స్వామీ, నీ జోలికి రాకూడదని నా ప్రాణం మీదికి తెచ్చుకున్నాను, ఈ ఒక్కపూట సిగ్నల్ లేకుండా చెయ్యి తండ్రీ అని డాష్‌బోర్డు వైపు చూసి వేడుకున్నాను.

ఫోన్ ఒకసారి మోగి ఆగిపోయింది. బతికిపోయాననుకున్నాను. చెరుకుపల్లి దాటామో లేదో, మళ్ళీ మోగింది. రెండు రింగులు. భాయ్ చెప్పినట్టే, అదే ఎత్తింది.

“ఒరే అబ్బాయ్!” అంది పెద్దత్తయ్య, నాలుగు స్పీకర్లలోంచి. “అయిపోయిందా? నువ్వు నోరెత్తలేదు కదా? ఎత్తే ఉంటావులే. పిల్ల జడుసుకుందా?”

నాన్న ఉలిక్కిపడి వెనక్కి చూశారు, పైకి చూశారు, స్వామి వంక చూశారు. తర్వాత జేబులోంచి ఫోన్ తీసి చెవికి పెట్టుకుని, “అక్కా, నేను మళ్ళీ చేస్తా!” అని అరిచారు. కానీ మన మాట పట్టుకునే మైకు పెట్టెలో ఉంది, పెట్టె మూసిన అరలో ఉంది. ఆవిడకి ఒక్క ముక్కా వినపడలేదు. ఫోన్ కట్ చేద్దామంటే, అక్క ఫోన్ కట్ చెయ్యడం నాన్న జీవితంలో జరగలేదు. ఆ చెయ్యి అటు పోలేదు. నేను కారు పక్కకి ఆపి తాళం లాగేశాను. ఇంజను ఆగింది. పెద్దత్తయ్య ఆగలేదు. ఇంజను చప్పుడు లేకపోయేసరికి ఇంకా బాగా వినపడసాగింది.

“ఏంటో, నీ మాట వినపళ్ళేదురా. సరే, నేను చెప్తా, నువ్విను. మనోడు బల్లిని చూసి మంచం ఎక్కుతాడన్న సంగతి ఇప్పుడే చెప్పమాక. పదో తరగతి దాకా చీకటి పడితే పెరట్లోకి అమ్మ తోడెళ్ళాల్సిందేనన్నదీ చెప్పమాక. పెళ్ళయ్యాక పిల్లే తెలుసుకుంటుంది.”

నేను స్టీరింగు మీద తల పెట్టేశాను. హారన్ మోగింది. తల తీశాను.

“అయినా వాణ్ణనడం దేనికి, నువ్వు మాత్రం? నీ పెళ్ళిచూపులకి రేపల్లె తీసుకెళ్తే, పిల్ల రాకముందే దొడ్డిదారిన పారిపోయావా లేదా? స్టేషన్లో ఆగున్న రైల్లో బల్ల కింద దూరి కూర్చున్నావు! రేపల్లెతో పట్టాలైపోయినయి కాబట్టి సరిపోయింది గానీ, లేకపోతే ఏ దేశం పోయేవాడివో. చెవి పట్టుకు లాక్కొచ్చి, కడుపులో బాలేదని వాళ్ళకి సర్దిచెప్పా. పిచ్చిది, నీ పెళ్ళాం ఇప్పటికీ అదే నమ్మి కషాయం కాస్తోంది!”

“ఆఁ?” అంది అమ్మ వెనక నుంచి. ఆ ఒక్క అక్షరంలో ఇన్నేళ్ళ వామంతా ఉంది.

నాన్న మెడ దాకా ఎర్రబడిపోయారు. పళ్ళ సంచి కిందకి జారింది, బత్తాయిలు కారంతా దొర్లాయి. ఆయన పిడికిలి బిగించి అర మూత మీద గుద్దారు. తెరుచుకోలేదు. మళ్ళీ గుద్దారు. లోపల పెద్దత్తయ్య తన ధోరణిలో తను చెబుతూనే ఉంది, కాకపోతే గొంతు కాస్త మెత్తబడింది. “ఒరే, ఆ పిల్లకి తండ్రి లేడంట. అమ్మ లేని పిల్లాడివి నువ్వెట్టా పెరిగావో నాకు తెలుసు. భయమేసినప్పుడల్లా అరిచేవాడివి. అరిచి అరిచి అదే గొంతైపోయింది. నీకు భయమని నాకు తెలుసు గానీ, వాళ్ళకేం తెలుసు? వాళ్ళు నిన్ను చూసి భయపడతారు. ఆ పిల్ల మనింటికొస్తే మాత్రం నువ్వు గొంతు తగ్గించుకోవాల. లేకపోతే నేనూరుకోను.”

అప్పుడు పడింది సరైన గుద్దు. మూత ఠపీమని తెరుచుకుంది.

“ఏంట్రా ఆ చప్పుడు?” అంది పెద్దత్తయ్య.

వెనక సీట్లోంచి మేనమామ గారు మెల్లగా ముందుకి వంగి, అరలో వెలుగుతున్న పెట్టెకి రెండు చేతులూ జోడించారు. “నమస్కారమండి. నేను పిల్ల మేనమామనండి. కార్లోనే ఉన్నానండి.”

“అట్టాగా బాబూ,” అంది పెద్దత్తయ్య. “కాఫీలు తాగారా?”

“తాగామండి.”

“ఎంతసేపటి నుంచి ఉన్నారు బాబూ?”

“మొదటి నుంచీ ఉన్నానండి.”

“మరింకేం. మళ్ళీ చెప్పే పని లేదు,” అని ఆవిడ పెట్టేసింది.

మళ్ళీ తాళం తిప్పి రేపల్లె దారి పట్టాను. నాకు ఏడుపొక్కటే తక్కువ. జీడిపప్పులు చూసి నవ్వు ఆపుకున్న ఆ మొహం ఇంక నాది కాదు. ఎవరైనా తెలిసి తెలిసి బల్లికి భయపడేవాడికి పిల్లనిస్తారా? నాన్న స్వామి వంకే చూస్తూ కూర్చున్నారు. ఆయన మొట్టమొదటిసారి నా డ్రైవింగ్ గురించి ఒక్క మాటా అనలేదు. అద్దంలో అమ్మ మొహం వైపు చూసే ధైర్యం మా ఇద్దరికీ లేదు. కొట్టు ముందు కారు ఆపాను. మేనమామ గారు దిగారు. కబురు చేస్తామండి అని ఆయన అనడం, ఆ కబురు ఎన్నటికీ రాకపోవడం, అన్నీ నాకు ముందే కనిపిస్తున్నాయి. నాన్న కూడా దిగి, చేతులు కట్టుకుని నిలబడి, నేనెప్పుడూ వినని చిన్న గొంతుతో, “మా అక్క ఏదో పెద్దావిడండి, ఏమనుకోకండి,” అన్నారు.

“మీకు ఉన్న మాట చెప్తానండి,” అన్నారు ఆయన. “మీరు పేరడిగారు చూడండి, అప్పుడు లోపలికెళ్ళి మా పిల్ల ఒకటే వణుకు. ‘ఆ ఇంట్లో నేను బతకలేను మావయ్యా,’ అంది. మీ అబ్బాయి నచ్చాడంది గానీ, మీరంటే భయమంది. కబురంటే నాలుగు రోజులు మీరు ఎదురుచూస్తారు, పాపం. మర్యాదగా దారిలోనే చెప్పేద్దామని కారెక్కా.”

నాన్న తల దించుకున్నారు.

“ఇప్పుడింక కబురు చెయ్యడం దేనికండి?” అన్నారాయన. ఇంత పొద్దూ లేని నవ్వు ఆయన మొహంలోకి వచ్చింది. “ముహూర్తాలు చూపించుకోండి. ఆ ఇంట్లో భయపడేవాళ్ళే ఉన్నారు గానీ, భయపెట్టేవాళ్ళు లేరని మా పిల్లకి నేను చెప్తాను. మీ అక్కగారొక్కరు తప్ప.”

నాన్న ఆయన చెయ్యి పట్టుకుని అలా నిలబడిపోయారు. వెనక సీట్లోంచి అమ్మ మాత్రం, “ఏమండీ, స్టేషన్ ఇక్కడికి దగ్గరే. ఆ బల్ల ఏదో నాకు చూపించాకే ఇంటికి,” అంది.

పెద్దత్తయ్య ఇప్పుడు లేదు. మా ఇంట్లో బల్లుల్ని చీపురుతో తరిమేది నా భార్య. మంచం మీద నిలబడి దారి చూపించేది నేను. “అసలు నువ్వు నన్ను ఏం చూసి ఒప్పుకున్నావు?” అని అప్పుడప్పుడు అడుగుతాను. “మిమ్మల్ని చూసి అని ఎవరన్నారు? మావయ్య చెప్పింది విని పెద్దత్తయ్య గారి కోసం ఒప్పుకున్నా,” అంటుంది. వాము కషాయం మాత్రం ఆగలేదు. అబద్ధమని తెలిశాక కూడా అమ్మ కాస్తూనే ఉంది, నాన్న కిక్కురుమనకుండా తాగుతూనే ఉన్నారు.

ఆ కారు ఇంకా ఉంది, పెట్టె ఇంకా అరలోనే ఉంది, స్వామి కదల్లేదు. నాన్న గొంతు సన్నబడిపోయింది. బాపట్ల వెళ్ళేటప్పుడు పక్కన కూర్చుని, తన పాటలు తను వినుకుంటూ నిద్రపోతారు. దారిలో ఎప్పుడైనా ఫోన్ మోగితే ఆయన ఉలిక్కిపడి లేస్తారు. ఇద్దరం ఒకేసారి ఆ మూత వంక చూస్తాం. ఇప్పుడు మోగితే మావిడికాయల బేరమో, గ్యాసు కబురో తప్ప, ఒరే అబ్బాయ్ అని పిలిచేవాళ్ళు లేరని ఇద్దరికీ తెలుసు. అయినా రెండో రింగు దాకా ఇద్దరం ఊపిరి బిగబడతాం. అప్పుడు నిమ్మకాయ పిసుక్కుంటూ కారు నడిపిన ఆ చెమటల కుర్రాడు గుర్తొస్తాడు. వాడి భుజం మీద చెయ్యి వేసి, దాన్ని ఎత్తనివ్వరా, పర్లేదు అని చెప్పాలనిపిస్తుంది.